మందను పెంచడమా, గుట్టను నిలుపుకోవడమా: మెట్ట ప్రాంతపు గొర్రెల పెంపకంలో లాభం లెక్క

మీ ప్రశ్నను ముందుగా నాకు అర్థమైన మేరకు చెబుతాను, ఎందుకంటే నా జవాబంతా మీరిచ్చిన వివరాల మీదే ఆధారపడి ఉంది. కదిరి పరిసరాల్లో మీకు పది ఎకరాల మెట్ట ఉంది. ఆరు ఎకరాల్లో వానాధారంగా వేరుశనగ వేస్తారు, నాలుగు ఎకరాలు బీడు. మీ 120 తల్లి గొర్రెలు ఊరి పక్కనున్న సుమారు 80 ఎకరాల గుట్ట పోరంబోకులోనూ, పంట కోసిన పొలాల్లోనూ మేస్తాయి. అదే గుట్ట మీద మరో మూడు మందలు తిరుగుతాయి, అన్నీ కలిపితే 450 జీవాల దాకా ఉంటాయి. పోయిన ఏడాది మీ మందలో 92 పిల్లలు పుడితే 24 చనిపోయాయి, 68 మిగిలాయి. బ్యాంకు వారు రాయితీ పథకం కింద మందను 250కి పెంచుకోమంటున్నారు. గుట్ట ఏటేటా బోడిగా మారుతున్నదని మీరే గమనించారు కనుక, ఆదాయం పెంచుకుంటూ ఆ నేలను చెడగొట్టకుండా ఉండే దారి ఏదైనా ఉందా అని అడిగారు.

దారి ఉంది, కానీ అది తలల సంఖ్య పెంచడంలో లేదు. గొర్రెల పెంపకంలో డబ్బు వచ్చేది మందలో ఎన్ని తలలున్నాయన్న దాని నుంచి కాదు, ఏడాదిలో ఎన్ని పిల్లలు ఎంత బరువుతో ఎంత త్వరగా సంతకు చేరాయన్న దాని నుంచి. నేల మీద పడే భారం మాత్రం తలల సంఖ్యను బట్టి, అవి గుట్ట మీద గడిపే రోజులను బట్టి ఉంటుంది. ఈ రెండూ వేర్వేరు లెక్కలు. వాటిని ఒకటే అనుకోవడం వల్లనే మన ప్రాంతంలో చాలామంది ఆదాయం కావాలంటే మంద పెంచాలనీ, నేల బాగుపడాలంటే ఆదాయం వదులుకోవాలనీ భావిస్తున్నారు.

ముందుగా మీ గుట్ట ఎంత మేతనివ్వగలదో మీరే కొలిచి చూసుకోండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉండే చట్రం ఒకటి కర్రలతో కట్టుకుని, వానలు వెనకబడిన తర్వాత, అంటే కార్తీక మాసం ప్రాంతంలో, గుట్ట మీద బాగున్న చోట, బోడిగా ఉన్న చోట, మధ్యరకంగా ఉన్న చోట కలిపి ఒక పదిహేను చోట్ల దానిని నేల మీద పెట్టి, లోపలి గడ్డిని కొడవలితో మొదలు దాకా కోసి, విడివిడిగా ఎండబెట్టి తూకం వేయండి. సగటున చట్రానికి వంద గ్రాములు వచ్చిందనుకుందాం. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు కనుక ఎకరానికి 400 కిలోల ఎండు మేత ఉన్నట్టు. అందులో సగానికి మించి జీవాలకు పెట్టకూడదు; మిగతా సగం వేళ్ళను, నేలను, వచ్చే ఏటి విత్తనాన్ని కాపాడడానికి ఉండాలి. అంటే ఎకరానికి 200 కిలోలు, 80 ఎకరాలకు 16 టన్నులు.

ఇక తినే వైపు చూడండి. ముప్పై కిలోల తల్లి గొర్రె రోజుకు తన బరువులో మూడు నుంచి నాలుగు శాతం, అంటే దాదాపు కిలో ఎండు పదార్థం తింటుంది. మీ 120 గొర్రెలకే ఏడాదికి 44 టన్నులు కావాలి. గుట్ట మీది 450 జీవాలకు 160 టన్నులు దాటుతుంది. తుమ్మ కాయలు, రేగు ఆకు, వేప రెమ్మలు, గట్ల మీది గడ్డి ఈ చట్రానికి దొరకవు, వాటిని కలుపుకుంటే పరిస్థితి కొంత మెరుగే. అయినా గుట్ట ఇచ్చేది మొత్తం అవసరంలో పదో వంతు దగ్గరే ఆగిపోతుంది. మిగతాదంతా పొలాల కొయ్యకాళ్ళు, చెరువు కడుపులు, రోడ్డు పక్కలు, కొనుక్కొచ్చిన మేత. మీరు మరో 130 గొర్రెలు కొంటే మరో 47 టన్నుల మేత ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు బ్యాంకు తయారుచేయించిన ప్రాజెక్టు రిపోర్టులో జవాబు ఉండదు. షెడ్డు కొలతలు, బీమా, టీకాల ఖర్చు అన్నీ అందులో ఉంటాయి, గుట్ట మాత్రం ఉండదు.

ఇది మీ ఒక్క ఊరి సంగతి కాదు. 2012 పశుగణన నాటికి తెలంగాణలో 1.28 కోట్ల గొర్రెలు ఉంటే 2019 నాటికి 1.91 కోట్లయ్యాయి, దేశంలో అన్నిటికంటే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 1.36 కోట్ల నుంచి 1.76 కోట్లకు పెరిగాయి. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో మొదలుపెట్టిన పథకం కింద ఒక్కో కుటుంబానికి ఇరవై ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం రాయితీతో ఇచ్చింది. గొల్ల కురుమ కుటుంబాలకు పెట్టుబడి అందడం అవసరమే, దానిని నేను తప్పుపట్టను. కానీ జీవాలు పెరిగినంతగా బీడు పెరగలేదు సరికదా, అదే కాలంలో బోర్ల కింద సాగు, లేఔట్లు, రోడ్లు, మీ వైపైతే నంబులపూలకుంట సోలార్ పార్కు లాంటివి మేత నేలను తగ్గించుకుంటూ వచ్చాయి. తగ్గిపోతున్న నేల మీద పెరుగుతున్న మందను నిలబెట్టాలని చూస్తే ముందు నష్టపోయేది కాపరే.

గుట్ట ఎందుకు బోడి అవుతుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే పరిష్కారం అక్కడే ఉంది. మన గుట్టల మీది మంచి గడ్డి చాలావరకు బహువార్షికం. అది వేసవిలో పైన ఎండిపోయినా కింద వేళ్ళలో కొంత ఆహారం దాచుకుని బతికే ఉంటుంది. జూన్‌లో తొలకరి పడగానే ఆ నిల్వనంతా ఖర్చుపెట్టి కొత్త చిగురు వేస్తుంది. ఆ చిగురు జానెడు ఎత్తు పెరిగి, ఎండను తీసుకుని, వేళ్ళకు మళ్ళీ ఆహారం పంపడానికి ఐదారు వారాలు పడుతుంది. సరిగ్గా ఆ వారాల్లోనే మనం వేసవంతా ఆకలితో ఉన్న మందను గుట్ట మీదికి తోలుతాం. గొర్రె పెదవులతో నేలకు ఆనించి కొరుకుతుంది కనుక అంగుళం చిగురును కూడా వదలదు. వేళ్ళలో నిల్వ అయిపోయి, ఆకు మిగలక, ఆ దుబ్బు రెండు మూడేళ్ళలో చస్తుంది. దాని చోట ఒక్క వానకు పుట్టి ఒక్క ఎండకు పోయే గడ్డి వస్తుంది, తర్వాత జీవాలు ముట్టని మొక్కలు వస్తాయి, ఆ తర్వాత రాళ్ళు తేలతాయి. ఏడాది పొడవునా ఎన్ని జీవాలు మేశాయన్నది ముఖ్యమే, కానీ ఈ ఐదారు వారాల్లో ఏం జరిగిందన్నది అంతకంటే ముఖ్యం.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని తొలకరి పడిన రోజు నుంచి సుమారు నలభై ఐదు రోజులు మీ మందను గుట్టకు దూరంగా ఉంచడం. అన్ని రోజులు వాటికి ఏం పెట్టాలన్నదే అసలు కష్టం. మీకు ఆరు ఎకరాల వేరుశనగ ఉంది. వాన కుదిరిన ఏడాది ఎకరానికి ముప్పావు టన్ను ఎండు కట్టె, అంటే కాయ తీశాక మిగిలే తీగ, ఆకు, వస్తుందనుకుంటే నాలుగున్నర టన్నులు చేతిలో ఉంటుంది. ఇప్పుడు మీరు దానిని అక్టోబరు, నవంబరులోనే, గడ్డి ఇంకా ఉన్నప్పుడే, మందకు వదిలేస్తున్నారో, పాడి రైతులకు అమ్మేస్తున్నారో చూసుకోండి. ఆ కట్టెను వామి వేసి, తడవకుండా పైన కప్పి, జూన్ కోసం దాచండి. తల్లి గొర్రెకు రోజుకు 600 గ్రాముల కట్టె, దానికి తోడు గట్ల మీది తుమ్మ, సుబాబుల్, అవిశ రెమ్మలు, మీ బీడులో కాసేపు మేపు ఉంటే ఆ నలభై ఐదు రోజులు గడుస్తాయి.

దీనివల్ల మరో లాభం ఉంది, అది నేరుగా మీ జేబుకే. తొలకరి తర్వాత లేత పచ్చిక మీద ఒక్కసారిగా పడ్డ మందలో చిటుకు రోగం ఎలా వస్తుందో మీకు తెలియనిది కాదు. సాయంత్రం దొడ్డికి చేరినప్పుడు మందలో అన్నిటికంటే బలంగా ఉన్న పిల్లే తెల్లవారేసరికి కాళ్ళు చాచి పడి ఉంటుంది. వానలకు ముందే, మే నెలలో, చిటుకు టీకా వేయించడం తప్పనిసరి. దానితో పాటు ఆ లేత పచ్చిక మీదికి మందను ఆకలితో వదలకుండా ఉంటే నష్టం ఇంకా తగ్గుతుంది. గుట్టకు విశ్రాంతి ఇవ్వడం, పిల్లలు చావకుండా చూసుకోవడం ఇక్కడ ఒకే పని అవుతాయి. జూలై చివర్లో గుట్ట తెరిచినప్పుడు గడ్డి నిండుగా ఉంటుంది, తల్లులు త్వరగా కండపట్టి ఎదకు వస్తాయి. అప్పటిదాకా పొట్టేళ్ళను విడిగా ఉంచి అప్పుడే మందలో కలిపితే, ఐదు నెలలకు, అంటే డిసెంబరు, జనవరిలో ఈనతాయి. పంట పొలాలన్నీ ఖాళీ అయి మేత దండిగా ఉండే కాలం కనుక తల్లికి పాలుంటాయి.

ఇక మంద లెక్కకు వద్దాం. 120 తల్లుల నుంచి 68 పిల్లలంటే తల్లికి అరకంటే కొంచెం ఎక్కువ. మీ మందలో రెండేళ్ళుగా ఈననివి, పళ్ళు ఊడినవి, పొదుగు చెడినవి కనీసం ఇరవై ఐదైనా ఉంటాయని నేను అనుకుంటున్నాను. మన ప్రాంతపు మందల్లో అది మామూలే. గొర్రెను అమ్మడానికి మన ఇళ్ళల్లో మనసు రాదు, అది బ్యాంకులో వేసిన డబ్బు లాంటిదని పెద్దలు అంటారు. కానీ ఈనని గొర్రె వడ్డీ ఇవ్వకపోగా రోజుకు కిలో మేత తింటుంది. ఆ ఇరవై ఐదు గొర్రెలు ఏడాదికి తొమ్మిది టన్నుల మేతను తినేస్తున్నాయి, అది మీ గుట్ట మొత్తం భద్రంగా ఇవ్వగలిగిన 16 టన్నుల్లో సగానికి పైగా. ప్రతి తల్లికీ చెవిపోగు వేసి, ఒక నోటు పుస్తకంలో అది ఎప్పుడు ఈనింది, పిల్ల బతికిందా లేదా అని రాసుకోండి. మార్చిలో, గుట్ట పూర్తిగా ఎండకముందే, కండ ఉన్నప్పుడే పనికిరాని వాటిని అమ్మేయండి. మే నెలలో అమ్మితే ఎముకలకు డబ్బివ్వరు.

తొంభై ఐదు మంచి తల్లులు మిగిలి, వాటిలో 85 ఈని, వాటి పిల్లల్లో తొమ్మిది మాత్రమే పోతే 76 పిల్లలు చేతికొస్తాయి. మంద తగ్గింది, పిల్లలు పెరిగాయి. పిల్లల చావును 24 నుంచి తొమ్మిదికి తేవడం మాటల్లో అన్నంత తేలిక కాదు. ఈనడానికి ముందు నెల రోజులు తల్లికి రోజుకు 200 గ్రాముల దాణా ఇవ్వాలి, పుట్టిన గంటలోపు పిల్లకు మురుపాలు తాగించాలి, బొడ్డుకు టించర్ అయోడిన్ పూయాలి, చలి రాత్రుల్లో తల్లీ పిల్లలకు తడకలతో గాలి తగలని చోటు చేయాలి, పారుడు రోగం టీకా మూడేళ్ళకోసారి వేయించాలి. ఇవేవీ ఖరీదైన పనులు కావు, మనిషి దగ్గరుండి చేయవలసిన పనులు. 250 గొర్రెలున్న ఇంట్లో ఇద్దరు మనుషులు వీటిని చేయలేరు. పెద్ద మందలో పిల్లలు ఎక్కువ పోవడానికి కారణం చాలాసార్లు రోగం కంటే చేతులు చాలకపోవడమే.

పాలు మాన్పించిన పిల్లల విషయంలో గుట్టకూ మీకూ ఇద్దరికీ లాభం కలిగే చోటు మరొకటి ఉంది. డిసెంబరులో పుట్టిన పిల్ల మార్చిలో పాలు మానే నాటికి పన్నెండు కిలోల దాకా తూగుతుంది. దానిని మేపు మీదే వదిలేస్తే రోజుకు 50-60 గ్రాముల చొప్పున పెరిగి 24 కిలోలకు రావడానికి ఏడు నెలలు, అంటే అక్టోబరు దాకా పడుతుంది. వేసవి ముదిరితే అంతకంటే ఆలస్యం. అదే పిల్లను కొట్టంలో ఉంచి వేరుశనగ కట్టెతో పాటు రోజుకు 250 గ్రాముల దాణా ఇస్తే 100 గ్రాముల పెరుగుదల సాధ్యమే, జూలైకల్లా అదే బరువుకు వస్తుంది. నాలుగు నెలలకు పిల్లకు ముప్పై కిలోల దాణా. మొక్కజొన్న, వేరుశనగ చెక్క, తవుడు, ఖనిజ లవణ మిశ్రమం, ఉప్పు మీరే కలుపుకుని కిలో ముప్పై రూపాయలకు తయారవుతుందనుకుంటే పిల్లకు 900 రూపాయలు. ఆ డబ్బుతో మీరు కొనుక్కుంటున్నది వంద రోజుల సమయం. ఆ వంద రోజుల్లో పిల్ల చచ్చిపోయే ప్రమాదం, కాపరి శ్రమ, వేసవిలో బరువు కోల్పోవడం అన్నీ తప్పుతాయి. ఆషాఢంలో బోనాల గిరాకీ హైదరాబాదు వైపు ఉంటుంది. బక్రీదు ఏటా కొన్ని రోజులు ముందే వస్తుంది కనుక క్యాలెండరు చూసుకుని అమ్మకం సమయం నిర్ణయించుకోవాలి. దాణాను మాత్రం మొదటి పది రోజులు కొద్దికొద్దిగా పెంచండి, ఒక్కసారిగా పెడితే ఆమ్ల అజీర్తితో పిల్లలు పడిపోతాయి.

గుట్ట వైపు నుంచి చూస్తే ఈ పని విలువ ఇంకా పెద్దది. మందలోకి ఉంచుకునే ఆడపిల్లలు పోగా యాభై పిల్లలు వంద రోజులు ముందుగా వెళ్ళిపోతే మూడు టన్నుల పైచిలుకు మేత మిగులుతుంది. అది పదిహేను ఎకరాల గుట్టకు సమానం. పైగా ఆ పిల్లలు గుట్ట దిగేది వేసవి నుంచి తొలకరి దాకా, గడ్డికి అత్యంత ప్రమాదకరమైన కాలంలో. కట్టె మాత్రం సరిపోదని ముందే చెప్పాలి: తల్లుల నలభై ఐదు రోజులకు రెండున్నర టన్నులు, పిల్లలకు మరో రెండున్నర టన్నులు కావాలి, మీ దగ్గర ఉండేది నాలుగున్నర. ఆ అర టన్నును కంది పొట్టుతోనో జొన్న చొప్పతోనో పూరించుకోండి, డిసెంబరులో కొంటే చవక. వాన తప్పిన ఏడాది కట్టె సగమే వస్తుంది. ఆ ఏడాది పిల్లల్ని పాలు మానగానే అమ్మేయాలి, ఆ నిర్ణయాన్ని కట్టె తూకం చూసిన రోజే తీసుకోవాలి.

అమ్మేటప్పుడు తూకం వేయండి. దూలానికి వేలాడదీసే కాటా, కింద గోనెపట్టాతో కుట్టిన జోలె ఉంటే చాలు. దళారి చూపు మీద బేరం చేసినప్పుడు పిల్లకు రెండు మూడు కిలోల తేడా రావడం సర్వసాధారణం, ఆ తేడా ఎప్పుడూ అతని వైపే ఉంటుంది. కాటా ఉన్న రైతు మందలో ఏ తల్లి పిల్ల బాగా పెరుగుతున్నదో కూడా తెలుసుకుంటాడు, ఏ పొట్టేలును విత్తనానికి ఉంచుకోవాలో దాన్నిబట్టే తేలుతుంది.

మీ నాలుగు ఎకరాల బీడును రెండు భాగాలు చేసి, ఒకదానిలో అంజన్ గడ్డి, స్టైలో హమాటా అనే పప్పుజాతి మేత మొక్క విత్తనాలు కలిపి చల్లండి. స్టైలో గింజకు పైపొర గట్టి, వేడినీళ్ళలో కొన్ని నిమిషాలు ఉంచి చల్లితేనే మొలక బాగా వస్తుంది. రెండో భాగంలో గట్ల వెంట అవిశ, సుబాబుల్, తుమ్మ పెట్టుకోండి. సుబాబుల్‌లో మైమోసిన్ అనే పదార్థం ఉంది కనుక మేతలో మూడో వంతు దాటనివ్వకండి. ఈ గడ్డి విత్తనాలను గుట్ట మీద మాత్రం విచ్చలవిడిగా చల్లవద్దు; అక్కడ సహజంగా పెరిగే గడ్డికి విశ్రాంతి ఇస్తే అదే లేస్తుంది, దుబ్బులు పూర్తిగా చచ్చిన చోట మాత్రమే విత్తనం అవసరమవుతుంది.

సర్కారు తుమ్మ గురించి ఒక మాట. 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలోనే దీనిని మన దేశంలో మొదట నాటారు, ఇప్పుడు చెరువులు, వంకలు, గుట్టల అంచులు అన్నీ అదే. కాయల్లో చక్కెర, మాంసకృత్తులు రెండూ ఉండి జీవాలు ఇష్టంగా తింటాయి. అయితే గింజ గొర్రె, మేక కడుపులో చావకుండా పెంటికలతో బయటికొచ్చి మంద నడిచిన దారంతా మొలుస్తుంది. ఆ కాయల్ని వేసవిలో పోగుచేసి, బాగా ఎండబెట్టి, మరలో ఆడించి దాణాలో కలపండి. గింజ నలిగిపోతుంది కనుక విత్తనం వ్యాపించదు, దాణా ఖర్చూ తగ్గుతుంది. మన ప్రాంతంలో ఊరికే దొరికే దాణా ఇంతకు మించి ఏదీ లేదు, అయినా దీనిని ఆడించి వాడే కాపరులు ఎంత తక్కువ మందో చూస్తే నాకు బాధ కలుగుతుంది.

నట్టల మందుల విషయంలోనూ డబ్బు, పర్యావరణం ఒకే వైపు ఉన్నాయి. చాలా మందల్లో మూడు నెలలకోసారి అన్నిటికీ గొట్టంతో మందు పోసేస్తారు. దాని బదులు ప్రతి గొర్రె కింది కంటిరెప్పను బొటనవేలితో కిందికి లాగి లోపలి రంగు చూడండి. ఎర్రగా ఉంటే మందు అక్కర్లేదు. లేత గులాబీ దాటి తెల్లగా పాలిపోయి ఉంటే, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంటే, కడుపులో రక్తం పీల్చే నట్టలో, కార్జపు జలగలో ఉన్నట్టే, దానికి వెంటనే పోయాలి. దక్షిణాఫ్రికాలో రూపొందించిన ఫమాచా అనే రంగుల కార్డు ఇందుకే ఉంది. ఇలా చేస్తే మందు ఖర్చు తగ్గుతుంది, మందుకు లొంగని నట్టలు తయారవడం ఆలస్యమవుతుంది. ఐవర్‌మెక్టిన్ అనే నట్టల మందు వాడిన జీవాల పెంటికల్లో కొంతకాలం పాటు ఆ మందు మిగిలి పేడపురుగుల లార్వాలను చంపుతుంది. పెంటికలను నేలలోకి దింపి గడ్డి వేళ్ళకు అందించేవి ఆ పురుగులే. నొప్పికి, జ్వరానికి డైక్లోఫెనాక్ సూది ఎవరైనా వేస్తామంటే ఒప్పుకోకండి; రాబందులను చంపుతుందని 2006లోనే పశువులకు దాని వాడకాన్ని నిషేధించారు, మెలాక్సికామ్ అడగండి.

గుట్ట ఉమ్మడిది కదా, నేనొక్కడినే విశ్రాంతి ఇస్తే మిగతా మూడు మందలు మేసేస్తాయి కదా అని మీరు అనుకోవచ్చు. న్యాయమైన సందేహం, ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైన భాగం కూడా ఇదే. నాలుగు ఇళ్ళ వారు కూర్చుని గుట్టను నాలుగు భాగాలుగా అనుకోండి. కంచె వద్దు, కాపరే కంచె. వాగు, బండ, పాత దారి లాంటి గుర్తులు చాలు. ప్రతి ఏడాది ఒక భాగాన్ని తొలకరి నుంచి దసరా దాకా పూర్తిగా మూసి ఉంచితే అక్కడి గడ్డి గింజ కట్టి రాలుస్తుంది. మిగతా మూడు భాగాలకు మొదటి నలభై ఐదు రోజులు విశ్రాంతి. మొదటి ఏడాది అందరూ ఒప్పుకోకపోతే ఒక్క భాగం మూతతోనైనా మొదలుపెట్టండి. దసరా తర్వాత ఆ భాగంలోకి మంద దిగినప్పుడు కనిపించే తేడాయే మిగతా వారిని ఒప్పిస్తుంది. వేసవిలో కొత్త చిగురు కోసం గుట్టకు నిప్పు పెట్టే అలవాటును మాత్రం ఆ రోజే మానాలని తీర్మానం చేసుకోండి. రాలిన గింజ, లేత మొక్క, నేల మీది ఆకు అన్నీ అందులో బూడిదవుతాయి. చిత్తూరు, అనంతపురం జిల్లాల్లో ఉమ్మడి భూముల మీద ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ సంస్థ చాలా కాలంగా పనిచేస్తున్నది, అటువంటి ఊళ్ళను ఒకసారి మీ నలుగురూ కలిసి చూసి రావడం మంచిది.

పోరంబోకు రికార్డును కూడా సరిచూసుకోండి. గుట్ట మేత పోరంబోకుగా నమోదై ఉంటే పంచాయతీ తీర్మానంతో దానిని కాపాడుకోవచ్చు. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలను ఆదేశించింది. గుట్టలో కొంత అటవీ భూమి ఉంటే 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) కింద మేత హక్కును గ్రామసభ ద్వారా కోరవచ్చు. ఈ చట్టం స్థిరంగా ఉండే మందలకే కాదు, కాలాన్నిబట్టి వలస వెళ్ళే మందలకూ వర్తిస్తుంది. హక్కు లేని నేలకు ఎవరూ విశ్రాంతి ఇవ్వరు. రేపు ఇది మనకు ఉండదనుకున్నప్పుడు ఈ రోజే మేపేయడం మనిషి స్వభావం.

గొర్రెల వల్ల భూమి వేడెక్కుతుందన్న మాట మీద మీ అబ్బాయి అడిగిన ప్రశ్నకు కూడా జవాబు చెబుతాను. నిజమే, నెమరువేసే ప్రతి జీవీ మీథేన్‌ను వదులుతుంది. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘమైన ఐపీసీసీ 2006 మార్గదర్శకాలు మన లాంటి దేశాల గొర్రెకు ఏడాదికి ఐదు కిలోలుగా లెక్కకట్టాయి. వందేళ్ళ లెక్కన కిలో మీథేన్ దాదాపు 27 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం కనుక మీ 120 గొర్రెలు ఏడాదికి 16 టన్నులతో సమానమైన వాయువును వదులుతున్నాయి. ఈనని గొర్రె కూడా దాదాపు ఈనే గొర్రె వదిలినంత వదులుతుంది. 120 తల్లుల నుంచి 68 పిల్లలకు బదులు 95 నుంచి 76 వస్తే తల్లుల వాటాగా ఒక్కో పిల్ల మీద పడే మీథేన్ దాదాపు 8.8 కిలోల నుంచి 6.3 కిలోలకు తగ్గుతుంది. మేత నేలలో కార్బన్ పేరుకుని ఈ మీథేన్ అంతా చెల్లిపోతుందని కొందరు చెబుతారు, నేను అంత దూరం వెళ్ళను. చెడిన గుట్ట కోలుకున్నప్పుడు నేలలో కార్బన్ పెరుగుతుంది, కానీ 550 మిల్లీమీటర్ల వానపడే చోట అది నెమ్మదిగా పెరిగి, ఒక హద్దు దగ్గర ఆగుతుంది, ఒక్క కరవుకో నిప్పుకో తగ్గిపోతుంది కూడా. కార్బన్ క్రెడిట్ల డబ్బు వస్తుందని ఎవరైనా చెబితే దానిని మీ ఆదాయం లెక్కలో వేసుకోకండి.

అలాగని గుట్టనంతా చెట్లతో నింపేయడం పర్యావరణం అనుకోవడం కూడా పొరపాటే. గడ్డి మైదానం పనికిరాని నేల కాదు. నంద్యాల జిల్లా రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పడింది. ఆ పిట్టకు కావలసింది అడవి కాదు, మోకాలెత్తు గడ్డి, మధ్యలో ఖాళీ నేల. కృష్ణజింక, తోడేలు, కముజు పిట్ట అన్నీ ఈ నేలవే. మితంగా మేసే మంద ఉన్న గడ్డి నేల వాటికి అనుకూలమే. మీ గుట్ట మీద వరుసలుగా గుంతలు తీసి మొక్కలు నాటుతామని ఎవరైనా వస్తే, గడ్డి దుబ్బులున్న చోటు వదిలి వంకల అంచుల్లో నాటమని అడగండి.

జాతి విషయంలో మీకున్న నెల్లూరు గొర్రెను మార్చమని నేను చెప్పను. పెద్ద శరీరం, మంచి బరువు, మాంసానికి గిరాకీ ఉన్నాయి. కానీ పెద్ద శరీరానికి మేత కూడా ఎక్కువ కావాలి కనుక, విత్తనం పొట్టేలును ఎత్తు చూసి కాకుండా, తక్కువ మేత ఉన్న ఏడాదిలోనూ పిల్ల నిలుపుకున్న తల్లి కడుపున పుట్టిందా అని చూసి ఎంచుకోండి. ఇరవై ఐదు తల్లులకు ఒక పొట్టేలు చాలు, రెండేళ్ళకోసారి బయటి మంద నుంచి మార్చుకోవాలి.

లెక్క పుస్తకంలో మరొక ఆదాయం రాసుకోవడం మరచిపోకండి. పొలాల్లో రాత్రి మంద ఆపితే రైతులు ఇచ్చే డబ్బో గింజో చాలా ఇళ్ళల్లో చేతి ఖర్చులకు పోయి లెక్కకు రాదు. గొర్రె ఎరువులో సుమారు మూడు శాతం నత్రజని ఉంటుంది, మూత్రం కూడా నేలలోకే ఇంకుతుంది కనుక పశువుల ఎరువు కంటే దీని విలువ ఎక్కువ. జనవరి నుంచి మే దాకా మందను పొలాల్లోనే ఆపే ఒప్పందాలు ముందుగా కుదుర్చుకుంటే ఆ పొలాల కొయ్యకాళ్ళు, గట్ల మేత కూడా మీకే దక్కుతాయి, గుట్టకు ఆ నెలల్లో భారం తగ్గుతుంది. రసాయన ఎరువు ధర పెరిగే కొద్దీ ఈ ఒప్పందంలో మీ బలం పెరుగుతుంది, రేటును మొహమాటం లేకుండా అడగండి.

చివరిగా బ్యాంకు అప్పు. జాతీయ పశుసంవర్ధక మిషన్ కింద వంద ఆడ గొర్రెలు, ఐదు పొట్టేళ్ళ యూనిట్ నుంచి ఐదు వందల దాకా యాభై శాతం పెట్టుబడి రాయితీ ఉంది. పథకం చెడ్డది కాదు, కానీ అది ఎక్కువగా కొట్టంలో మేపే పద్ధతికీ, సొంతంగా పచ్చిమేత పండించుకోగల నీళ్ళున్న రైతుకీ సరిపోతుంది. మీకు బోరు లేదు. 250 గొర్రెలకు మేత కొనవలసి వస్తే కరవు ఏడాదిలో కట్టె ధర రెట్టింపవుతుంది, అదే ఏడాది గొర్రె ధర పడిపోతుంది, వాయిదా మాత్రం మారదు. అందుచేత ఈ ఏడాది ఆ అప్పు తీసుకోకండి. బ్యాంకుకు వెళ్ళి, గొర్రెలకు కాకుండా కట్టె నిల్వకు పై కప్పున్న గోడౌను, యాభై పిల్లలకు ఎత్తైన నేలతో కొట్టం, కాటా, నీటి తొట్టి, దాణాకు నాలుగు నెలల పెట్టుబడి కలిపి చిన్న అప్పు ఇస్తారా అని అడగండి. పశుపోషణకు కిసాన్ క్రెడిట్ కార్డు కింద దాణా ఖర్చుకు అప్పు ఇచ్చే వీలుంది. మార్చిలో పనికిరాని తల్లులను అమ్మిన డబ్బుతో ఇందులో చాలా భాగం అప్పు లేకుండానే అయిపోవచ్చు. రెండు కార్తీకాలు వరసగా చట్రం పెట్టి గడ్డిని తూకం వేయండి. రెండోసారి చట్రానికి 150 గ్రాములు దాటి, పిల్లల చావు పదిలోపు నిలిచి, జూన్‌లో వామిలో కట్టె మిగిలి ఉంటే అప్పుడు పది పదిహేను ఆడపిల్లలను మందలో అదనంగా ఉంచుకోవచ్చు. ఆ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా తొంభై ఐదు దగ్గరే ఆగండి.